అమ్మ వేలిముద్ర

మా అమ్మకు కూర్చోవడం చేతకాదు. అన్నం తినేటప్పుడు కూడా నీళ్లకని లేస్తుంది, పిల్లిని తరమాలని లేస్తుంది, ఏమీ లేకపోతే వాకిట్లో ఎవరు పోతున్నారో చూడాలని లేస్తుంది. అలాంటి మనిషి ఒక వానాకాలం నాట్లప్పుడు, హాలియా అవతల పొలం ఒడ్డు మీద జారిపడి ఇక లేవలేదు. తోటి కూలీలు మొదట నవ్వారట. పడటం కూడా ఆమె పరాచకాల్లో ఒకటి అనుకున్నారట. కాలు అడ్డంగా తిరిగి ఉండటం చూశాకే నారు కట్టలు పడేసి ఉరికొచ్చారు.

నేనప్పుడు నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మను. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే బాపు ఫోన్ చేశాడు. అమ్మను అంబులెన్సులో తెస్తున్నానన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. మా బాపుకు భయం వేస్తే కోపం వస్తుంది. ఆ గుణం పోలికలతో పాటే నాకూ వచ్చింది. అందుకని ఆస్పత్రి గేటు దగ్గర కలుసుకోగానే మేమిద్దరం ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టాం. ఒడ్డు మీద మీ అమ్మకు అంత తొందరేమిటని ఆయన, ఈ వయసులో ఆమెను నాట్లకు ఎందుకు పంపావని నేను. స్ట్రెచర్ మీదున్న అమ్మే మమ్మల్ని ఆపాల్సి వచ్చింది.

"ముందుగాల నన్ను లోపటికి తీస్కపోండ్రి. పంచాయితీ తర్వాత పెట్టుకుందురు."

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చెప్పింది కొంచెమే. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేస్తే నడుస్తుంది. లేకపోతే మంచమే. ఆ మాట విని నేను అమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే పక్క మంచంలోని ముసలామెను ఏ ఊరు, ఎవరింటి కోడలు అని అడుగుతోంది. ఈ మనిషిని మంచానికి కట్టేస్తే ఎన్నాళ్లు బతుకుతుందనిపించింది.

అది ప్రైవేటు ఆస్పత్రే కానీ ఆరోగ్యశ్రీ ఉంది. రేషన్ కార్డున్న మాలాంటి ఇళ్ల తరఫున ఖర్చు సర్కారే కడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. బాపుకు కూడా తెలుసనే అనుకున్నాను. కార్డు పేరు మారినా మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ తెల్లకార్డనే అంటారు. బియ్యానికి తప్ప దాన్ని ఎప్పుడూ బయటికి తీసింది లేదు.

మెట్ల పక్కన చిన్న బల్ల వేసుకొని ఒక అమ్మాయి కూర్చునేది. ఆరోగ్యశ్రీ మీద వచ్చినవాళ్లకు దారి చూపేది ఆమే. ఆరోగ్యమిత్ర అంటారు. కార్డు చూసింది, అమ్మ ఫోటో తీసింది, వేలిముద్ర యంత్రం పట్టుకొని స్ట్రెచర్ దగ్గరికే వచ్చింది.

"అవ్వా, నీ బొటనేలు దీని మీద పెట్టు. గంతే."

అమ్మ చెయ్యి చాపింది. బాపు ఆ చేతిని పట్టి వెనక్కి లాగాడు.

"ఏలు పెట్టేది లేదు."

"పెట్టకుంటె ముందుకు పోదు, పెద్దయ్యా. సర్కారే కడ్తది. మీరు కట్టేది ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు."

 బాపు గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగాడు.

"మరి ఎన్నేండ్లమ్మా?"

ఆమెకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నాకు మాత్రం అర్థమైంది. అప్పటిదాకా ఆయన మీద ఎగదన్నుకొస్తున్న కోపం ఎక్కడిదక్కడ చల్లారిపోయింది.

బాపు చిన్నప్పుడు మా నాయినమ్మకు జబ్బు చేసింది. వైద్యానికి చేతిలో ఏమీ లేక మా తాత ఊరి ఆసామి దగ్గరికి పోయి ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఏం రాసుందో ఆయనకు తెలియదు. ఆ ఉగాదికి బాపును ఆసామి ఇంటికి జీతం పంపారు. మా దిక్కు పాతవాళ్ల నోట జీతం అంటే నెలనెలా చేతికొచ్చేది కాదు. ఉగాది నుంచి ఉగాదిదాకా ఒకరి కొట్టంలో పడుకొని, వాళ్ల బర్లను కాసి, పేడ తీసి, పిలిచినప్పుడల్లా పలకడం. బాపుకు అప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. నాయినమ్మ ఆ జబ్బుతోనే పోయింది. జీతం మాత్రం పోలేదు. ఏ ఉగాదికి అడిగినా అప్పు ఇంకా ఉందనేవారు. మీసాలొచ్చినా ఇంకా ఉంది. పెళ్లై మా అమ్మ కాపురానికి వచ్చినా ఇంకా ఉంది.

దాన్ని తెంపింది అమ్మే. ఒక ఉగాది పొద్దున బాపు కర్ర తీసుకొని బయల్దేరుతుంటే ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది. నన్ను దాటి పో అంది. ఆయన దాటలేకపోయాడు. అప్పటికే కాలం మారింది, ఆసామి కూడా మనుషుల్ని పంపి ఊరుకున్నాడు తప్ప గట్టిగా ఏమీ చేయలేకపోయాడు. మా అమ్మ కదలకుండా కూర్చున్నది బతుకులో ఆ ఒక్కరోజేనని మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"బాపూ, గది ఆసామి కాగితం కాదు. మిషిను," అన్నాను.

"మిషినైతె ఏంది బిడ్డా? ఏలు ఏలే గద. ఇయ్యాల పెట్టమంటరు. రేపు నిన్ను అడుగుతరు, నీ బిడ్డను అడుగుతరు."

ఆరోగ్యమిత్ర అమ్మాయి విసుక్కోలేదు. వెనక ఇంకా మనుషులు నిలబడి ఉన్నా, అప్పు కాదని, మాలాంటివాళ్లందరి కోసం సర్కారు కడుతుందని మళ్లీ మొదటినుంచి చెప్పింది. "నువ్వు కొనే చెప్పుల మీద, సబ్బు మీద గూడ సర్కారుకు పోతనే ఉంటది పెద్దయ్యా. అండ్ల నీది గూడ ఉన్నట్టే," అంది.

"నేను ఎవ్వరికన్న ఏమన్న ఇస్తె నాకు యాదికుంటది బిడ్డా," అన్నాడు బాపు. "నేను ఎవ్వరికి ఏమియ్యలె."

అమ్మ అంతవరకు కళ్లు మూసుకొని నొప్పిని ఓర్చుకుంటోంది. అప్పుడు కళ్లు తెరిచింది.

"చెయ్యి ఇడువు."

ఆయన విడవలేదు.

"ఇడువయ్యా. ఇరిగింది నా తుంటి. ఏలు గూడ నాదే."

బాపు పట్టు సడలింది. అమ్మ వేలు పెట్టింది. నాట్ల నీళ్లలో నాని, ముడతలు పడ్డ వేలది, యంత్రం తీసుకోలేదు. ఆ అమ్మాయి తన చున్నీ కొసతో వేలిని తుడిచి, నోటితో వెచ్చగా ఊది, తన చేత్తోనే మళ్లీ పెట్టించింది. ఈసారి పడింది. యంత్రం కుయ్యిమంటే బాపు ఉలిక్కిపడ్డాడు. బురద వాసన పోని మా అమ్మ చేతిని ఆ పిల్ల అంత ఇదిగా పట్టుకోవడం నేను మర్చిపోలేదు. ఆమె పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

హైదరాబాదు నుంచి మంజూరు వచ్చింది. ఆపరేషన్ అయింది. కాలు బాగుందని డాక్టరమ్మ చెప్పగానే నేను వరండాలో నిలబడి, పిల్లల ముందు ఎప్పుడూ ఏడవని దాన్ని, అందరి ముందూ ఏడ్చాను. బాపు ఏడవలేదు, నవ్వలేదు. గోడకు ఆనుకొని కింద కూర్చొని తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆస్పత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయన ఒక్క కుర్చీలోనూ కూర్చోలేదు. పానగల్ దగ్గరి మా కిరాయి ఇంటి నుంచి నేను తెచ్చిన అన్నం కూడా గేటు బయటికి పోయి తినేవాడు.

మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బాతో వచ్చేసరికి ఆయన కనిపించలేదు. వార్డులో లేడు, గేటు దగ్గర లేడు. ఆస్పత్రి వెనక పెరట్లో దొరికాడు. పంచె ఎగ్గట్టి, రాలిన వేపాకంతా ఊడ్చి కుప్ప పోస్తున్నాడు. అక్కడ ఊడ్చే ఆమె మెట్టు మీద కూర్చొని చాయ్ తాగుతోంది.

"నేనేం జెయ్యాలె అక్కా? పెద్దమనిషి చీపురు గుంజుకున్నడు. వద్దంటె ఇంటలేడు," అని నన్ను చూసి నవ్వింది.

ఊడ్చి ఊరుకోలేదు. నీళ్ల డబ్బాలు మోశాడు, ఎవరెవరివో స్ట్రెచర్లు నెట్టాడు. నర్సులు మొదట కసురుకున్నారు, తర్వాత అలవాటై "పెద్దయ్యా, జర గా బల్ల ఇటు జరుపు" అని పురమాయించడం మొదలుపెట్టారు. అది విన్నాక నాకు ఒళ్లు మండింది. అసలే ఆ రోజుల్లో నిద్ర లేదు. చేయి పట్టుకొని పక్కకు లాక్కెళ్లాను.

"నువ్వేమన్న ఈడ జీతం కుదిరినవా బాపూ?"

"అవును," అన్నాడు.

నేను ఆయన చేయి వదిలేశాను.

"ఇరిగిన బొక్క తీసి కొత్త బొక్క ఏసిండ్రు మీ అమ్మకు. ఉట్టిగ ఎవ్వరేస్తరు? నేను జేస్తె నా మీదనే తీర్తది. నీ దాక రాదు. అడిగేదాక ఆగితె అయితదా?" అని, పని ఆలస్యమైపోతోందన్నట్టు మళ్లీ చీపురు అందుకున్నాడు.

నేను పోయి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. మా నాయినమ్మ గురించి ఆలోచించాను. ఆమెకు జబ్బు చేసిన రోజుల్లో ఇలా ఒక బల్ల, ఒక అమ్మాయి, ఒక కార్డు ఉండి ఉంటే మా బాపు కొట్టంలో పడుకునేవాడు కాదు, బడికి పోయేవాడు. మా అమ్మ కాలికి ఎవరెవరు డబ్బు కట్టారో నాకు తెలియదు. బస్సు టికెట్టు కొన్నవాళ్లో, దుకాణం నడుపుతున్నవాళ్లో, మేళ్లచెరువు సిమెంటు లారీల వాళ్లో, అందరూ తలా ఇంత. వాళ్ల ముఖాలు నేనెన్నడూ చూడను. చూడని ముఖాలకే ఆ పూట మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా రసీదులో పన్ను చూస్తే ఎవరిదో తుంటి బాగవుతోందనిపిస్తుంది, సణగబుద్ధి కాదు.

అమ్మను నడిపించే రోజు వచ్చింది. నాలుగు కాళ్ల స్టాండు ముందు పెట్టి, వార్డు చివరిదాకా పోయి రమ్మన్నారు. ఆమె వార్డు చివరిదాకా పోయి, అక్కడ ఆగలేదు. నేను వెనక నుంచి వద్దు వద్దంటూనే ఉన్నాను. వరండాలోకి తిరిగింది. ఏటవాలు దారి మెల్లగా దిగింది. వెనక తలుపు దగ్గర, ఎండ పడే చోట నిలబడి పెరట్లోకి చూసింది. బాపు వంగి ఊడుస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"ఏమయ్యా," అని పిలిచింది.

ఆయన తలెత్తాడు. ఆమె నిలబడి ఉంది. తన కాళ్ల మీద నిలబడి ఉంది. ఆయన చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"మామ ఏలు పెట్టిండని నువ్వు జీతం పోయినవు. గీ ఏలు నేను పెట్టిన," అంది అమ్మ. "నా ఏలుకు ఎవ్వలు జీతం పోయేది లేదు. గా చీపురు గామెకు ఇచ్చి రా."

బాపు చీపురును రెండు చేతులతో పట్టుకొని ఊడ్చే ఆమెకు ఇచ్చాడు. పంచె దించుకున్నాడు, కాళ్లు కడుక్కున్నాడు. అమ్మ పక్కన, ఆమెకంటే మెల్లగా నడుస్తూ వార్డులోకి వచ్చాడు. గోడ దగ్గర కింద కూర్చోబోతుంటే అమ్మ మంచం పక్కనున్న కుర్చీ చూపించింది. ఆయన తువ్వాలతో దాన్ని తుడిచి, కొసకు కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి జరిగి సరిగ్గా కూర్చున్నాడు.

ఆస్పత్రి వాళ్లు భోజనం తెచ్చారు. అమ్మ పళ్లెంలోంచి సగం టిఫిన్ డబ్బా మూతలో పెట్టి ఆయన చేతికిచ్చింది. బాపు దాని వైపు చూశాడు. ఎన్నేండ్లని అడగలేదు. తిన్నాడు.