నా పేరు మీద లైసెన్సు

నేను కాంట్రాక్టరునయ్యానన్న సంగతి పప్పుకు తాలింపు పెడుతుండగా తెలిసింది. మా ఆయన విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ ఇంజనీరింగ్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?" అని అడిగారు. బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయన్నాను. విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. కొన్నాళ్ళు ఒక ఆఫీసులో కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీశాను. పెళ్ళయి పామర్రు వచ్చాక వాటితో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు మాత్రం ఉన్నపళంగా కావాలిట.

"దేనికండీ?"

"లైసెన్సుకి. నీ పేరు మీద పెడుతున్నాం. నువ్వేం చెయ్యక్కర్లేదు, చెప్పినచోట సంతకం పెట్టు చాలు."

ఆడవాళ్ళ పేరు మీద జరిగే ప్రతి పనికీ మా వైపు ఇదే మంగళాచరణం. పొలం రాయించినా ఇంతే, సర్పంచ్‌గా నిలబెట్టినా ఇంతే. పేరు మనది, పెత్తనం వాళ్ళది.

అయినా ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. ఏళ్ళ తరబడి ఊళ్ళల్లో సిమెంటు రోడ్లు, కాలవ గట్లకు రాతి కట్టుబడులు చేయిస్తున్న మనిషి. కాకపోతే అన్నీ వేరేవాళ్ళ లైసెన్సు మీద. టెండరు వేసేది ఒకరు, ఎండలో నిలబడేది ఈయన. అనుభవం ఈయనది, అనుభవం ఉన్నట్టు ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ ఆ ఒకరిది. సొంత లైసెన్సు కావాలంటే ఇదివరకు పనులు చేసినట్టు రుజువు ఉండాలి. పనులు చేయాలంటే లైసెన్సు ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. ఈ సామెత పుట్టించినవాడు తప్పకుండా ఏదో ఒక రిజిస్ట్రేషన్ కోసం తిరిగి తిరిగి విసిగిపోయినవాడే అయి ఉంటాడు.

దీనికి ఉపాయం చెప్పింది బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద కూర్చుని లైసెన్సు ఫైళ్ళు తయారు చేసే ఏజెంటుగారు. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాళ్ళు సొంతంగా దరఖాస్తు పెట్టుకుంటే, చిన్న తరగతి లైసెన్సుకు పాత పనుల సర్టిఫికెట్ అడగరట. "ఇంజనీరమ్మని ఇంట్లో పెట్టుకుని నా చుట్టూ తిరుగుతారేంటండీ!" అని మా ఆయన్ని కేకలేశారట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వ్యవహారం. ఆ చంకలో పిల్లను నేను.

సంతకాలయ్యాక యంత్రాల వంతు వచ్చింది. కాంట్రాక్టరన్నాక కాంక్రీటు కలిపే మిల్లరు ఉండాలి, పోసిన కాంక్రీటులో గుచ్చి గుల్ల లేకుండా కుదించే వైబ్రేటరు ఉండాలి, నీళ్ళు తోడే ఇంజను ఉండాలి. ఆఫీసువాళ్ళు వచ్చి కళ్ళారా చూసి రాసుకుంటారు. మా ప్రాంతంలో ఇందుకొక ఆచారం ఉంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు పక్కింటి నగలు అడిగి పెట్టుకున్నట్టు, తనిఖీ రోజుకు తోటి కాంట్రాక్టర్ల యంత్రాలు అడిగి తెచ్చుకుంటారు. టెండర్ల దగ్గర ఒకరి పీక ఒకరు కోసుకునేవాళ్ళు కూడా తనిఖీ అనేసరికి అన్నదమ్ములైపోతారు. వైబ్రేటరు మా ఆయన సొంతంగా కొన్నదే. మిల్లరు మాత్రం గుడివాడ నుంచి వచ్చింది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారు సాధువైన మనిషి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాళ్ళలో ఉండే ఒక శాంతం ఆయన ముఖంలో ఉంది. మిల్లరు చుట్టూ తిరిగి, దాని మీద చెయ్యి వేసి, అంటుకున్న ఆకుపచ్చ రంగు వంక చూసుకున్నారు.

"కిందటిసారి చూసినప్పుడు నీలంగా ఉండేదండీ ఇది" అన్నారు.

మా ఆయనకు దగ్గు వచ్చింది. ఇంజనీరుగారు నావైపు తిరిగి, "మీదేనామ్మా?" అని అడిగారు.

"ఈమధ్యే మా ఇంటికొచ్చిందండీ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు, అది ఆ పొద్దున్నే వచ్చింది. ఆయన నవ్వు ఆపుకుంటూ రాసుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

లైసెన్సు వచ్చింది. మా అత్తగారు దానికి బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచి, "అమ్మాయ్, ఇంతకీ నువ్విప్పుడు ఏం కడతావు?" అని అడిగారు. ఏమీ కట్టను అంటే బాగుండదు. ఆవిడ మటుకు నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. మా ఇంట్లో ఆ ప్రశ్న వేసిన మనిషి ఆవిడ ఒక్కరే.

నా పేరు మీద వచ్చిన మొదటి పని, చల్లపల్లి దాటాక ఒక పంట కాలవ మీద కల్వర్టు. పాతది కుంగిపోయి, బడి పిల్లల ఆటోలూ వడ్ల ట్రాక్టర్లూ చుట్టు తిరిగి పోతున్నాయి. డెల్టాలో ఇలాంటి పనులకు గడువు ఆఫీసు పెట్టేది కాదు, కాలవ పెట్టేది. ఎండాకాలం కాలవలకు నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా పని తేలాలి. తేలకపోతే పని నీళ్ళలో, కాంట్రాక్టరు గట్టు మీద.

పని మొదలైంది. నేను ఇంట్లో వడియాలు పెట్టాను. సాయంత్రాలు మా ఆయన తెచ్చిన కాగితాల మీద 'కాంట్రాక్టరు' అని ఉన్నచోట సంతకాలు పెట్టాను. గోడలు లేస్తున్నాయని ఆయన చెబితే విన్నాను. ఏ మందం, ఏ పాళ్ళు అని ఒకటి రెండుసార్లు అడిగితే, "అయ్యన్నీ నీకెందుకు?" అన్నారు. చదువుకున్నాను కాబట్టి అన్నాను. ఆయన టీవీ పెట్టుకున్నారు.

ఇంతలో ఆఫీసువాళ్ళు కొత్త మెలిక పెట్టారు. బినామీల బెడద ఎక్కువైందని, పని దగ్గర కాంట్రాక్టరే నిలబడి ఫోటో దిగాలన్నారు. ఫోటో లేకపోతే బిల్లు లేదు. "మంచి చీర కట్టుకో, ఫోటో ఆఫీసుకెళ్తుంది" అన్నారు మా ఆయన. నేను నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, నా పనిని చూడటానికి మొదటిసారి బయల్దేరాను.

ఎండిన కాలవలోకి చీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగాను. కాంక్రీటు పోయడానికి బిగించిన సెంట్రింగ్ రేకులు అప్పుడే ఊడదీసినట్టున్నారు, పక్క గోడ పచ్చిపచ్చిగా ఉంది. రోడ్డు బరువంతా మోయాల్సిన గోడ అది. అడుగు నుంచి నా నడుము దాకా తేనెపట్టులా చిల్లులు. చిల్లుల్లోంచి ఊచలు కనబడుతున్నాయి. వేలితో కదిపితే కంకర రాయి ఊడి చేతిలోకి వచ్చింది. పక్కనే మేస్త్రి బొచ్చెలో సిమెంటు కలుపుతున్నాడు.

"పూత ఏసేత్తే అద్దంలాగుంటదమ్మా" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

పైన పటారం, లోన లొటారం. నాకు ముందు భయం వేసింది. కోపం తరవాత వచ్చింది. ఆ గోడ మీద నుంచి పిల్లలతో కిక్కిరిసిన ఆటో పోవడం కళ్ళ ముందు కనిపించింది. పక్కన గట్టు మీద పాతిన బోర్డు మీద నా పేరుంది, ఇంటిపేరుతో సహా.

"వైబ్రేటరు పెట్టలేదా?" అని అడిగాను.

మా ఆయన కాలవ అవతలి గట్టు వంక చూశారు. "ఆ రోజు మన దగ్గర లేదు."

"అది మనదేగా!"

"గుడివాడాయనకి తనిఖీ పడిందంటే పంపించా. మన తనిఖీకి మిల్లరు ఇచ్చినోడు. కాదంటే ఏం బాగుంటది?"

పని గట్టిగా ఉండాలంటే కాంట్రాక్టరు దగ్గర వైబ్రేటరు ఉండి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ నిబంధన ఇంకొకరి ఇంట్లో నెరవేరడానికి మా వైబ్రేటరు వెళ్ళింది కాబట్టి మా పని గుల్లయింది. చట్టం చేసినవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే ఏడుస్తారో నవ్వుతారో నాకు తెలియదు. నాకు మాత్రం రెండూ రాలేదు.

తనిఖీ నాటి ఇంజనీరుగారే జీపు దిగి వచ్చారు. ఫోన్ తీసి, "అమ్మా, కొంచెం గోడ పక్కగా నిలబడండి" అన్నారు.

"నిలబడనండీ. ఈ గోడ పగలగొట్టించాలి."

ముగ్గురూ నన్ను అదోలా చూశారు. మా ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నీకేవన్నా మతి పోయిందా? నీళ్ళొదిలే టైమయింది. ఇప్పుడు పగలగొడితే మళ్ళీ ఎప్పుడు పోస్తాం? ఈ పనిలో మిగిలేదంతా దీంట్లోనే పోద్ది" అన్నారు. నాకు జాలేసింది కూడా. ఎండల్లో నల్లగా కమిలిపోయిన మనిషి, ఇన్నేళ్ళకు సొంతమనుకున్న మొదటి పని.

"లైసెన్సు ఎవరిదండీ?" అన్నాను.

ఆ ప్రశ్నకు ఆఫీసులో ఒక జవాబు, ఇంట్లో ఒక జవాబు ఉన్నాయి. ఇంజనీరుగారు పక్కనే ఉన్నారు కాబట్టి ఇంటి జవాబు పనికిరాదు.

నేను ఇంజనీరుగారి దగ్గరే కాగితం అడిగి తీసుకుని, ఈ గోడ నాసిగా ఉంది, నా ఖర్చుతో పడగొట్టి మళ్ళీ కడతాను, అనుమతించండి అని రాసి సంతకం పెట్టాను. అన్ని సంతకాల్లోకీ తెలిసి పెట్టిన సంతకం అదొక్కటే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మామూలుగా మేం వంక పెడతాం, కాంట్రాక్టర్లు కాళ్ళావేళ్ళా పడతారండీ. కాంట్రాక్టరే తన పనికి వంక పెడితే ఏ ఫైల్లో పెట్టుకోవాలో నా సర్వీసులో ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. అని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మేస్త్రితో బొచ్చె బోర్లించమన్నారు.

మర్నాటి నుంచి నేను నూలుచీర కట్టుకుని పొద్దున్నే కాలవలో ఉన్నాను. గోడ పగలగొడుతుంటే ఊరివాళ్ళు గట్టు మీద చేరి, పెళ్ళాం మొగుడి పని కూలగొట్టిస్తోందని చెప్పుకున్నారు. మా ఆయన నాతో మాట్లాడలేదు గానీ వైబ్రేటరు తేవడానికి గుడివాడ వెళ్ళారు. అది అక్కణ్ణుంచి కైకలూరు వైపు ఇంకొకరి తనిఖీకి వెళ్ళిందట. కైకలూరు వెళితే అక్కడ దానికి కొత్త రంగు వేసి ఆరబెడుతున్నారట. ఆ తడి రంగుతోనే లాక్కొచ్చారు. చొక్కా అంతా పసుపు అయ్యింది.

గోడ మళ్ళీ పోశాం. వైబ్రేటరు చేస్తున్న మోత నా చెవులకు సన్నాయిలా ఉంది. గోనెపట్టాలు కప్పి తడుపుతూనే ఉన్నాం. ఈలోపు పై నుంచి నీళ్ళు వదిలారని కబురు వచ్చింది. నీళ్ళు తగలకుండా గోడకు ఇంకొన్నాళ్ళు అడ్డుకట్ట కావాలి. అప్పుడు మా ఆయన పంచె పైకి కట్టి, కూలీలతో పాటు దిగి, ఇసుక బస్తాలు భుజాన వేసుకుని కట్ట పెంచారు. నీటిని పక్కదారిలో పంపారు. నేను బస్తాల మూతులు కట్టి అందించాను.

కట్ట తీసేసిన రోజున నీళ్ళు ఎర్రగా వచ్చి గోడను రాసుకుంటూ మామూలుగా పోయాయి. పెద్ద విశేషమేమీ జరగలేదు. విశేషం జరగకపోవడం కోసమే అంత పడ్డాం. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ గోడ నాది. ఇంజనీరుగారు ఫోటో తీస్తే, జుట్టు రేగి, చీర నిండా సిమెంటు మరకలతో వచ్చాను.

దాని ఫలితం తరవాతి టెండర్ల వేళకు తెలిసింది. బెంజ్ సర్కిల్ ఏజెంటుగారు స్వయంగా పామర్రు వచ్చారు. నేను కాఫీలు తెచ్చేసరికి వరండాలో ఫైలు తెరిచి ఉంది. కొత్త లైసెన్సు, ఈసారి మా అత్తగారి పేరు మీద. ఆడవాళ్ళ పేరు మీదయితే పాత పనుల రుజువు అక్కర్లేదని కొత్తగా రూలొచ్చిందట. నాది కొన్నాళ్ళు పక్కన ఉంచుతారట.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అత్తగారు గోడలు పగలగొట్టించరు, ఆవిడకు కాంక్రీటు గురించి తెలియదు. మా ఆయన లెక్క అది. ఆ లెక్క నాకు స్పష్టంగా అర్థమైంది, అందుకే అంత మండింది.

"ఒక్కటే చిక్కండీ" అన్నారు ఏజెంటుగారు. "అమ్మగారికి పట్టా లేదు కదా, కాబట్టి జీతం మీద ఒక ఇంజనీరుని పెట్టుకున్నట్టు చూపించాలి. పట్టా ఉన్నోళ్ళు తెలిసినవాళ్ళెవరన్నా ఉంటే..."

మా ఆయన నా మొహం వంక చూడకుండా నావైపు చెయ్యి చూపించారు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫైలు దగ్గరకు లాక్కున్నారు. వేలు పెట్టి నెమ్మదిగా చదివారు. "అంటే కాంట్రాక్టరుని నేను" అన్నారు.

"అవునండీ."

"ఈ అమ్మాయి నా దగ్గర జీతానికి."

"కాగితం మీదేనమ్మా" అన్నారు మా ఆయన.

"సంతకం పెట్టేది నేనేగా? ఊరికే జీతమెందుకిస్తానురా? రేపట్నించి పొద్దున్నే పని దగ్గరుండాల. తను చూసి బాగుందంటేనే నేను సంతకం పెడతా. వంట సంగతి మనం చూసుకుందాం."

"మనమా? అమ్మా, అది నీ కోడలే!"

"ఇంట్లో" అన్నారు అత్తగారు. "పని దగ్గర మా ఇంజనీరు."

అని, ఏజెంటుగారిని పెన్ను అడిగారు.