హమూద్ చాచా ఖంజర్, ముప్పై కోడిగుడ్లు

1993. ఒమాన్‌లో అల్ సువైక్ బజారు, వెండి పని చేసే చిన్న దుకాణం. నేను కరీంనగర్ అవుసులోణ్ణి, కంసాలిని. మా ఇంట్లో మూడు తరాలుగా ఫిలిగ్రీ చేస్తారు, అంటే సన్నటి వెండి తీగతో అల్లే పని. అక్కడ నా డ్యూటీ ఎక్కువగా ఖంజర్ల మీదే. నడుముకు ముందువైపు కట్టుకునే వంకర బాకును ఖంజర్ అంటారు. ఒమాన్ సుల్తాన్ కిరీటం పెట్టుకోడు. రాచరికానికి గుర్తు ఖంజరే, జెండా మీదా అదే. ఈ సంగతి ఇంటికి ఉత్తరం రాస్తే మా అత్త, "కిరీటం లేని రాజేం రాజు? అల్లుడు అబద్ధాలు నేర్చిండు" అన్నదట.

ఆ ఏడు సుల్తాన్ గారు ఊళ్లు తిరుగుతూ ప్రజలను కలిసే యాత్ర మా వైపు వస్తోందని తెలిసింది. ఇక నాకు ఊపిరాడితే ఒట్టు. పెద్దమనుషులంతా ఖంజర్ కట్టుకుని వరుసలో నిలబడాలి. ఖర్జూర తోటల హమూద్ చాచా కూడా తనది తెచ్చాడు. వయసులో ఉండగా పడవల మీద బొంబాయికి ఖర్జూరం తీసుకెళ్లినవాడు కాబట్టి హిందీ గలగలా మాట్లాడేవాడు. ఆ ఖంజర్ ఒరకు ఏడు ఉంగరాలున్నాయి. మామూలువాటికి నాలుగే ఉంటాయి. ఇది రాజవంశం వాళ్లు కట్టుకునే సైదీ రకం. వాళ్ల తాతకు అప్పటి సుల్తాన్ ఇంటి నుంచి బహుమానంగా వచ్చిందట.

"ఒక ఉంగరం ఊడింది, అతికి పెట్టు. ఎల్లుండి ముందు వరుసలో నా చోటు" అని గర్వంగా చెప్పి వెళ్లాడు.

అడిగింది అంతే. కానీ మా కరీంనగర్‌లో మరమ్మతుకు వచ్చిన వెండిని మెరుగు పెట్టకుండా తిరిగిస్తే పని ఎగ్గొట్టాడంటారు. పైగా రాజుగారి ముందుకు వెళ్లే వస్తువు! ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు, చింతపండు బయటికి తీశాను. ఒర తోలు తడవకుండా చిన్న బ్రష్‌తో సందు సందునా తోమాను. చివరికి అందులో నా మొహం కనబడింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చిన చాచా దాన్ని చూసి అడిగాడు, "యే కిస్‌కా హై?"

"మీదే చాచా."

"నాది నల్లగా ఉంటుంది" అంటూ అల్మరాలో తన ఖంజర్ కోసం వెతికాడు. దొరక్కపోయేసరికి స్టూలు మీద కూలబడ్డాడు. "సుల్తాన్ ఇంటి బహుమానాన్ని అమ్ముకుని బజార్లో కొత్తది కొన్నానంటారు. మా బావమరిది సయీద్ అయితే ఊరంతా చాటిస్తాడు. రేపు నేను పోను."

పక్క చాయ్ దుకాణం యూసుఫ్ మా కోరుట్లవాడు. మాటలు విని వచ్చాడు. "ఏం జేసినవ్ చారీ?"

"తోమిన."

"తోమితే ఎవలన్న ఏడుస్తరానే?"

"గీడ ఏడుస్తరట."

వెండిని కావాలని నల్లబరచడాన్ని మా పనిలో ఆక్సిడైజింగ్ అంటాం. దానికి వాడే గంధకం మందు తేవాలంటే మస్కట్ పోవాలి, పైగా ఆ నీళ్లు తోలుకు తగిలితే ఒర పాడవుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఉడికిన గుడ్డు తగిలితే వెండి చెంచా నల్లబడుతుంది. గుడ్డులో ఉన్నదీ గంధకమే.

"యూసుఫ్, ముప్పై గుడ్లు ఉడకబెట్టు. సొన చుట్టూ ఆకుపచ్చ గీత రావాలె."

"ముప్పయ్యా? చాచా గన్ని తింటడా?"

"చాచాకు గాదు, ఖంజర్‌కు!"

చేపలవాళ్ల ఐస్‌పెట్టె ఒకటి అడిగి తెచ్చాం. అందులో ఒరను పెట్టి, చుట్టూ వేడి గుడ్లు చిదిమి, మూత బిగించాం. చాచా కాపలా కూర్చున్నాడు. చల్లారినవి తీసి కొత్తవి పెట్టేటప్పుడు నేను పెట్టెలోకి రెండు వేస్తే ఆయన ఒకటి ఉప్పద్దుకుని నోట్లో వేసుకునేవాడు. "చాచా, అది మందు" అన్నాను. "నాకూ మందే. పొద్దున్నుంచి ఏం తినలేదు" అన్నాడు. వచ్చిన గిరాకీ గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది.

పొద్దువాలే అసర్ నమాజు వేళకు వెండి పసుపై, గోధుమై, చివరికి నల్లబడింది. ఎత్తుగా ఉన్న చోట్ల గుడ్డతో రుద్ది, సందుల్లో నలుపు వదిలేశాను. చాచా బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"మా తాత చేతి నలుపు పోయింది. ఇది నీ గుడ్ల నలుపు. ఆ సంగతి మన ముగ్గురికే తెలుసు, మన ముగ్గురి దగ్గరే ఉండనీ. రేపు పోతాను" అన్నాడు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పాత వెండి ఎవరు తెచ్చినా, అడగందే బ్రష్ ముట్టలేదు.

మూడో రోజు చాచా బుట్టెడు ఖర్జూరం తెచ్చి నవ్వుతూ చెప్పాడు. ముందు వరుసలోనే నిలబడ్డాడట. ఖంజర్‌ను అందరూ మెచ్చుకున్నారట. పక్కనున్న సయీద్ మాత్రం వేడుకంతా గాలి వాసన చూస్తూనే ఉన్నాడట.

వారం తిరక్కుండా ఆ సయీదే నా దుకాణానికి వచ్చాడు. చేతిలో తళతళలాడే కొత్త ఖంజర్, చంకలో ముప్పై గుడ్ల ట్రే. గుట్టు ఎలా తెలిసిందో అడగలేదు, యూసుఫ్ నోరు నాకు తెలుసు.

"దీన్ని మా తాతది చెయ్యి" అన్నాడు.

ఈసారి ముందే అడిగాను. "తాతదా, ముత్తాతదా?"

ట్రే బల్ల మీద పెట్టి, బయటికెళ్లి, ఇంకో ట్రే తెచ్చాడు.