బాలకిషన్ ఏనుగు నడక

కదలని వస్తువుకు నడక నేర్పినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకరు పైనున్న బ్రహ్మ, రెండోవాడు చిక్కడపల్లి మిక్సీల బాలకిషన్. బ్రహ్మ చేసినవాటికి వారంటీ అడిగే నాథుడు లేడు. బాలకిషన్‌ను మాత్రం గల్లీ గల్లీ అడుగుతుంది. కాబట్టి ఇద్దరిలో ఎవరి పని కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

పగలంతా దుకాణంలో మిక్సీలు బాగుచేసి, పొద్దుగూకాక అశోక్‌నగర్‌లో కిరాయి గదికి చేరేవాడు. చుట్టూ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు. ఒక నోటిఫికేషన్‌కు వచ్చినవాళ్ళు ఇంకో నోటిఫికేషన్‌కు ఉండరు. పేర్లు గుర్తుపెట్టుకునేలోపు వాళ్ళ పరుపులు ఆటో ఎక్కేవి. "అంకుల్, నల్లా వచ్చిందా?" అన్నదొక్కటే లోకం అతనితో మాట్లాడే మాట. భార్య కాలం చేశాక ఆ గదిలో అతను కాక కదిలేది ఫ్యానొక్కటే, అదీ కరెంటు ఉంటేనే.

ఏటా దసరానాడు జమ్మి ఆకు పట్టుకొని నారాయణగూడలో అక్క విద్యావతి ఇంటికి వెళ్ళేవాడు. ఆకు చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, సోఫా అంచున కూర్చొని చాయ్ తాగేవాడు. చాయ్ అయిపోతే మాటలూ అయిపోయేవి. చాయ్‌ని అతనంత మెల్లగా తాగినవాడు హైదరాబాదులో పుట్టలేదు. ఒక ఏడు అతని కప్పులోంచి లేచిన ఆవిరి మబ్బు పట్టి ముషీరాబాదులో వాన కురిసిందంటారు. అయినా "తిని పో" అన్న మాట రాలేదు. తమ్ముడికెప్పుడూ తొందరేనని అక్క అనుకునేది.

ఈసారి ఆ మాట అనిపించుకోవాలని పట్టుబట్టాడు. అక్క మనవరాలు తన్మయి ముందుకు ఒక బొమ్మ ఏనుగు నడిచిపోవాలి, తొండంతో జమ్మి ఇవ్వాలి. అప్పుడు పిల్ల వదలదు. పిల్ల వదలకపోతే అక్కా వదలదు.

పాత డీవీడీ ప్లేయర్‌లోని మోటారు, కాళ్ళను తిప్పడానికి వంచిన సైకిల్ పుల్ల, అట్టతో ఒళ్ళు, చెక్కతో కాళ్ళు. మొదటిసారి అది ఎండ్రకాయలా పక్కకు నడిచి మంచం కింద దూరింది. బ్యాటరీని వీపు మీంచి పొట్ట కిందికి దించాక తూలడం మానింది. కాళ్ళన్నీ ఒక్కసారే లేస్తున్నాయని పుల్లను విప్పి మళ్ళీ వంచాడు, ఒకటి లేస్తే ఇంకొకటి ఆనేలా. చివరికి గది నేలనున్న షాబాదు బండలతో పేచీ మిగిలింది. బండకూ బండకూ మధ్య సందులో కాలు తట్టుకొని ఏనుగు ముక్కుమీద పడేది. కాళ్ళకున్న రబ్బరు పీకేసి, నున్నటి ప్లాస్టిక్ బిళ్ళలు అతికించాడు. సందులన్నీ జారుకుంటూ దాటేసింది. ఆ రోజు ఎవరైనా తొంగిచూస్తారేమోనని తలుపు బార్లా తీసిపెట్టాడు. అందరూ క్లాసులకు పోయి ఉన్నారు.

దసరా సాయంత్రం అక్క ఫ్లాటులో ఏనుగును కింద పెట్టి స్విచ్ వేశాడు. కింద అద్దంలాంటి టైల్స్. కాళ్ళు ఆడుతున్నాయి, ఏనుగు మాత్రం ఉన్నచోటే ఉంది.

"తాతా, ఇది జిమ్ చేస్తుందా?" అంది తన్మయి.

"డాన్స్ చేస్తున్నది బిడ్డా," అని నవ్వింది విద్యావతి. "కిషన్, మటన్ వండిన. జర కూసో, తిని పో."

మాట చెవిన పడింది. కళ్ళు మాత్రం ఏనుగు కాళ్ళ మీదే ఉన్నాయి.

"ఒక్క నిమిషం అక్కా. రబ్బర్ ఏసుకొస్త."

"పండుగ పూట గిదేంది? రేపు ఏసుకోరాదు."

"ఇట్ల పోయి అట్ల వస్త."

దుకాణంలో పనిముట్లన్నిటికీ పొద్దున్నే ఆయుధపూజ చేశాడు. పసుపు కుంకుమ పెట్టినవాటిని తెల్లారేదాకా తాకకూడదు. దండం పెట్టుకొని కత్తెర తీశాడు. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, అతికించి, ఆరేదాకా కూర్చున్నాడు. నడిపి చూస్తే ఒక కాలు కుంటింది. పీకి మళ్ళీ అతికించాడు. అక్కకు చెబుదామని జేబు తడిమితే ఫోను లేదు. ఆమె సోఫాలోనే మరిచాడు.

తిరిగి వెళ్ళేసరికి ఫ్లాటుకు తాళం. కింద వాచ్‌మన్ పీరయ్య ఫోనూ టిఫిన్ డబ్బా చేతికిచ్చాడు.

"మీ అక్క మస్తు సేపు చూసింది సార్. మీకు ప్లేటు గూడ పెట్టిందంట. ఇగ వియ్యాలోల్లింటికి జమ్మి వెట్ట పోయిండ్రు."

బాలకిషన్ డబ్బా పక్కన పెట్టాడు. అక్కడే టైల్స్ మీద ఏనుగును వదిలాడు. వంకర లేకుండా, తూలకుండా, తొండం మీద జమ్మి ఊగుతుండగా అది లిఫ్టు వైపు నడుచుకుంటూ పోయింది.

"నడుస్తున్నది గద సార్," అన్నాడు పీరయ్య, ఎవరిదో కారు హారన్ కొడితే గేటు తీయడానికి పోతూ.

గదికొచ్చి డబ్బా విప్పేసరికి మటన్ చల్లారిపోయింది.

ఇప్పుడు అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర ఆ ఏనుగు చాలా పెద్దదైంది. తనంతట తానే లిఫ్టెక్కి, పై అంతస్తులో బెల్లు కొట్టి, అక్కకు జమ్మి పెట్టి, కాళ్ళు మొక్కి, మటన్‌లో నల్లిబొక్క చప్పరించి వచ్చిందట. మొన్న ఈ కథ బాలకిషన్ ముందే చెప్పారు. మొత్తం విని, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"గట్లేం లే. లిఫ్ట్ దాక పోయింది. మల్ల నేనే ఎత్తుకొచ్చుకున్న."