రేకు మీద పెన్సిల్ రాత

2016 ఏప్రిల్ 20, బుధవారం. పొద్దున్నే పక్కింటి షెడ్డు తలుపు తీసిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. ఆ తలుపు తీసే మనిషి పోయి పదమూడు రోజులయింది. వెళ్ళి చూస్తే అత్త తాళంచేతితో నిలబడి ఉంది. రాజాంలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళకు చెబుతున్నాను: సొట్టలు తీసి బళ్ళకు రంగులు వేసే మా మేస్త్రి మావ నిద్రలోనే వెళ్ళిపోయాడు. షెడ్డులో మా పాత పికప్ వ్యాను అలాగే ఉంది. ఒళ్ళంతా కొత్త నీలం, డ్రైవరు తలుపు ఒక్కటే బూడిదరంగు.

ఆ వ్యానులో నాన్న చీపురుపల్లి సంతకు కూరగాయలు తీసుకెళ్తాడు. నా ఇంటర్ పరీక్షలయ్యాక దాన్ని మావకు అప్పగించాడు.

"తుప్పు మీద పుట్టీ పెట్టీసి రంగు కొట్టీ బావా. బేగి కావాల."

"పుండు మీద పౌడరు రాస్తే మానిపోతాదేట్రా? ఒగ్గీ, నాను సూసుకుంటాను," అన్నాడు మావ. తుప్పు తిన్న రేకంతా కోసి పారేసి, కొత్త రేకు అతికాడు.

సొట్టను ఆయన కళ్ళతో వెతికేవాడు కాదు. పల్చటి గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి జరిపేవాడు. చెయ్యి ఆగినచోట సుత్తి పడేది. తర్వాత చెంబెడు నీళ్ళు పోసి, ఆ తడి మెరుపులో ఎదుటి కొబ్బరిచెట్టు నీడ చూపించేవాడు. "సెట్టు వంకరగా కనబడినాదంటే రేకు ఇంకా వంకరున్నట్టే."

ఆయనకు ఇంకో అలవాటుంది. పుట్టీ పెట్టేముందు, గోకిన రేకు మీద ఆ సొట్ట ఎలా పడిందో పెన్సిలుతో రాసేవాడు. మా వ్యాను వెనక భాగం గోకుతుంటే తొమ్మిదేళ్ళ కిందటి ఆయన రాతే బయటపడింది: "గేదె పొడిసింది. గేదె బాగుంది."

పడీ పడీ నవ్వి, "రంగేసినాక దీన్ని ఎవులు సదువుతారు మావా?" అన్నాను.

"రేపు గోకినోడు సదువుతాడు. ఎక్కడ దెబ్బ తిన్నాదో ఆడికి తెలవాల గదా."

నేనూ రాద్దామని పెన్ను తీస్తే చెయ్యి పట్టుకున్నాడు. ఇంకు రంగులోంచి పైకి తేలుతుందట, పెన్సిలు తేలదట. అప్పటికే నాకు పెద్ద పెద్ద మాటలు రాసే పిచ్చి పట్టింది. ఆయన పెన్సిలు తీసుకుని "అపర విశ్వకర్మ చేతి చలువ" అని రాశాను. చదివి, బొటనవేలితో చెరిపేశాడు.

"ఏటయిందో రాయి. ఎంత గొప్పోడో రాయకు."

డ్రైవరు తలుపు పని నాకే ఇచ్చాడు. నీళ్ళు చల్లుతూ ఎమరీ కాగితంతో పుట్టీని నున్నగా రుద్దాను. తడి ఆరకముందే తొందరపడి ప్రైమర్ పూశాను. మధ్యాహ్నానికి తలుపంతా పొక్కులే.

"ఒసే, రేకు మీద అట్టు పోసినావేటే?" అని నన్ను చూసి నవ్వి, మావ లోపలున్న అత్తకు కేకేశాడు. "ఇదిగో, సెట్నీ ఉంటే తే."

నవ్వాక ఆయనే సరిచేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "నువ్వు పాడుసేసినాది నువ్వే గోకాల," అన్నాడు. నేను సిగ్గుతో రెండు రోజులు అటు వెళ్ళలేదు. మూడో రోజు ఆయన లేడు.

ఈ రోజు షెడ్డు తెరిచారని తెలిసి నాన్న వేరే పెయింటరును తీసుకొచ్చాడు. "పైపైన రుద్ది స్ప్రే గన్నుతో రంగు కొట్టేస్తాను. సాయంత్రానికి బండి తీసుకుపోవచ్చు," అన్నాడతను. ఇన్నాళ్ళుగా సంతలు పోగొట్టుకున్న నాన్న తలూపబోయాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"పొక్కుల మీద రంగేస్తే వానలకి ఊడొస్తాది నాన్నా. రెండు రోజులియ్యి. నాను గోకుతాను."

నాన్న అత్త వైపు చూశాడు. "ఆ తలుపు పిల్లదేనని ఆయనే సెప్పినాడు," అంది అత్త.

"రెండు రోజులే. మూడో రోజు నానే గన్ను పట్టుకుంటాను," అన్నాడు నాన్న.

"నువ్వు గన్ను పట్టుకుంటే ఈదిలో గేదెలకి కూడా రంగే," అంది అత్త. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం ఇదే మొదలు.

వచ్చేస్తుంటే మావ పెన్సిలు నా చేతిలో పెట్టింది. బొటనవేలంతే మిగిలింది, చివర నీలం రంగు అంటుకుని ఉంది. రేపు పొద్దున్న ఎండ ఎక్కగానే మొదలుపెడతాను. రేకు మెరిసేదాకా గోకుతాను. బాగా ఆరనిచ్చి, పుట్టీ పెట్టేముందు రాస్తాను: "తడి మీద ప్రైమర్ వేశాను. పొక్కింది. మళ్ళీ గోకాను."