హోదాతో నిమిత్తం లేకుండా

గత మంగళవారం చండ్రుగొండ దగ్గర ఆరుగురు మనుషులు నన్ను నా కారులోనే కూర్చోబెట్టి, వెనుక నుంచి నెట్టుకుంటూ తెచ్చి రోడ్డు మీద వదిలారు. కారుకు ఏ లోపమూ లేదు. లోపమంతా అందులో కూర్చున్నవాడిది. ఎలాగో చెబుతాను, వినండి. నవ్వు వస్తే ఆపుకోకండి. ఆ రోజు అక్కడ ఎవరూ ఆపుకోలేదు.

మూతపడిన పెట్రోల్ బంకులను క్షేమంగా తొలగించడానికి ప్లాన్ రాయడం నా ఉద్యోగం. భూమిలోని ట్యాంకును ఖాళీ చేయడం, లోపల మిగిలిన పెట్రోల్ ఆవిరిని నీళ్లు నింపి వెళ్లగొట్టడం, పైపులు విప్పి ట్యాంకును పైకి తీయడం... ఏది ముందు, ఏది తరువాత అన్నది నేను నిర్ణయిస్తాను. నా భార్య పోయిన తరువాత నాలుగు నెలలు సెలవులో ఉన్నాను. తిరిగి చేరిన రోజున మా పెద్దసారు మొహమాటం లేకుండా చెప్పారు. "ఈ చండ్రుగొండ బంకు మీకే ఇస్తున్న. ఒక్క పొరపాటు జరిగినా తర్వాత పనులన్నీ శ్రావణి చూసుకుంటది." శ్రావణి నా దగ్గరే పని నేర్చుకున్న ఇంజనీరు.

అందుకని అరవై రెండు పేజీల ప్లాన్ రాశాను. పదకొండో పేజీలో ఒక నియమం: "బంకు చుట్టూ కట్టిన తాడు లోపలికి నిప్పు తెచ్చినవారిని, హోదాతో నిమిత్తం లేకుండా, ఆ రోజుకు బయటికి పంపవలెను." ఆ మధ్య మాట నాకెంతో నచ్చింది. కింద గీత గీశాను. పని మొదలయ్యే ముందు అందరికీ గట్టిగా చదివి వినిపించాను కూడా.

బంకు చుట్టూ పసుపు తాడు నేనే కట్టాను. అందరి జేబులూ నేనే తడిమాను. బంకు యజమాని సలీం భాయ్ లైటరు, కూలీల ముఠాకు పెద్ద అయిన లచ్చమ్మ చుట్టలు, అగ్గిపెట్టె తాడు బయట బల్ల మీద పెట్టించాను. తవ్వే ముందు ఆమె కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించబోతే అడ్డుపడ్డాను.

"నిప్పు లేకుంట హారతేంది సారూ?"

"కాయ కొట్టు లచ్చమ్మా, కర్పూరం మాత్రం వద్దు."

"గట్లయితే కాయ గూడ రబ్బరుది తెచ్చేటోళ్లం కద!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా ప్లాన్‌లో నవ్వుకు పేజీ కేటాయించలేదు.

ట్యాంకు మూతకున్న బోల్టులు రెండు వదులు చేశారో లేదో, లచ్చమ్మ ముక్కు ఎగబీల్చింది. "సారూ, గీ సంపెంగ వాసనేంది?"

నాకూ తగిలింది. అగరుబత్తి! పని ఆపించాను. అందరినీ మళ్లీ వరుసలో నిలబెట్టాను. సలీం భాయ్ కళ్లజోడు పెట్టె కూడా తెరిపించాను. క్రమశిక్షణ గురించి చిన్న ఉపన్యాసమిచ్చాను. "ఎవరో ఒకరు దొంగచాటుగా వెలిగించారు. తమంతట తాము ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది!"

గ్యాస్ మీటరు చూస్తున్న శ్రావణి నెమ్మదిగా అంది. "సార్... మీ కారు."

నా కారు బంకు రేకుల నీడలో ఉంది. తాడు లోపల! పొద్దున నీడ చూసి ఆపాను. ఆ తరువాత దాన్ని కూడా కలుపుకొని తాడు కట్టేశాను. సగం దించిన అద్దంలోంచి సన్నని పొగ. డాష్‌బోర్డు మీద నా భార్య ఫోటో, దాని ముందు గంటల తరబడి వెలిగే లావుపాటి అగరుబత్తి. రోజూ బయలుదేరే ముందు వెలిగిస్తాను. చేయి దాని పని అది చేసుకుపోతుంది, నన్ను అడగదు.

పరుగెత్తుకెళ్లి కారులో కూర్చున్నాను. అగరుబత్తి చేతిలోకి తీసుకున్నాను గానీ, ఆర్పలేకపోయాను. వెనకే వచ్చిన లచ్చమ్మ దాన్ని నా వేళ్లలోంచి తీసుకొని నీళ్ల బకెట్టులో ముంచింది.

"అమ్మ ఏమనుకోదు తియ్ సారూ. నీ కథ చూసి నవ్వుకుంటుంటది."

కారు బయటికి తీద్దామని తాళం తిప్పబోయాను.

"ఇంజన్ వద్దు సార్. పేజీ పద్నాలుగు" అంది శ్రావణి.

దిగబోయాను. సలీం భాయ్ తలుపు మూసేశాడు. "దిగుడెందుకు సాబ్? ఎట్లయినా మీరు గూడ బయటికి పోవాల్సిందే కద. హోదాతో నిమిత్తం లేదని పొద్దున మీరే చదివిన్రు."

అలా, ఆరుగురూ కలిసి, నన్నూ నా కారునూ ఒకే ఊపులో తాడు దాటించారు. సాయంత్రం దాకా బల్ల పక్కన కూర్చొని లచ్చమ్మ చుట్టలకు కాపలా కాశాను. లోపల శ్రావణి పని నడిపింది. నేనున్నంతసేపు రెండు బోల్టులు దాటని పని, నేను బయటికి రాగానే చకచకా సాగింది. పొద్దుగూకక ముందే ఆవిరంతా పోయి మీటరు సున్నా చూపింది.

రిపోర్టు నేనే రాశాను. నియమం ఉల్లంఘించినవారి పేరు అన్నచోట నా పేరే, ఇంటిపేరుతో సహా నింపాను. పెద్దసారు మాట తప్పలేదు. ఆ తరువాతి పని, కారేపల్లి బంకు, శ్రావణికి వెళ్లింది.

నిన్న ఆ అమ్మాయి తన ప్లాన్ తెచ్చి, "ఒకసారి తప్పులు దిద్దండి సార్" అని నా ముందు పెట్టింది. ఎర్ర పెన్ను తీశాను. మొదటి పేజీ, మొదటి వాక్యం: "పని ఆరంభించే ముందు, ప్లాన్ రాసినవారిని, వారి కారును సోదా చేయవలెను."

ఒక్క మాటైనా మారుద్దామని అరగంట చూశాను. మార్చవలసినది ఏమీ కనబడలేదు.