రాయీ బండా ఒకటి కాదు

“...రాయి తగిలిందన్న గని, బండ తగిలిందన్ననా? చెవుల దూది వెట్టుకున్నవా మేస్త్రీ?”

నాలుగో గుంత అడుగు నుంచి మొండయ్య అరుస్తున్నాడు. పైన మేస్త్రీ నారాయణ అంచు మీద వంగి, “రాయైతేంది, బండైతేంది? రెండు గట్టియే గద! కాంక్రీటు మాలు కలిపిచ్చిన. మీదికి రా!” అన్నాడు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. మొండయ్యది కథలాపూర్, పాతికేళ్లుగా బావులు తవ్విన మనిషి. ఇప్పుడు సిరిసిల్లలో భూమయ్య సేటు కట్టబోయే రెండంతస్తుల కార్ఖానాకు గుంతలు తవ్వుతున్నాడు. మేడ మీద నలభై సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడతాయి. ఆ జాగా ఒకప్పుడు ఇటుకలకు మట్టి తీసి, తర్వాత పూడ్చిన గుంట. ఆ మట్టి బరువు మోయదు. అందుకే గుంతలను కింది బండ దాకా దింపి, బండలో ఇంకో రెండడుగులు తొలిచి, ఇనుము నిలబెట్టి కాంక్రీటు పోయాలి.

“అడుగు మోస్తది, పక్కలు వట్టుకుంటయి. గుండు మీద నిలవెడితే గుండుతోనే కుంగుతది,” అని మొండయ్య ప్రతి గుంత దగ్గరా చెప్పాడు. ప్రతిసారీ నారాయణ బీడీ ముట్టించాడు.

బావి పనివాళ్ల మాటలో రాయి అంటే మట్టిలో విడిగా ఉన్న గుండు. బండ అంటే నేల కింద పరుచుకున్నది. మేస్త్రీకి ఈ తేడా తెలియదు. మొండయ్యకు ఆ సంగతి తట్టలేదు.

గొడవ విని భూమయ్య వచ్చాడు. “నాకు సూపియ్యి.”

మొండయ్య పైకొచ్చి సేటును మూడో గుంతలోకి తట్టలో దింపించాడు. గిలక కిర్రుమంది.

“గీ మధ్య బువ్వ జర ఎక్కువ తింటున్నవ్ సేటు,” అంది తాడు పట్టిన సత్యవ్వ, మొండయ్య భార్య.

భూమయ్య అడుగున బండకు చెవి ఆనించాడు. మొండయ్య అదే బండ తగిలిన రెండో గుంతలోకి దిగి గడ్డపారతో కొట్టాడు.

“వినవడ్డది! చెవుల్నే కొట్టినట్టున్నది!”

తర్వాత మొండయ్య నాలుగో గుంతలోకి దిగాడు. కాసేపటికి మూడో గుంతలోంచి, “కొడ్తున్నవా లేదా?” అని కేక వచ్చింది.

సత్యవ్వ నాలుగో గుంత మీదికి వంగి విని, మూడో గుంత వైపు తిరిగి చెప్పింది. “కొట్టి కొట్టి చేతులు గుంజుతున్నయంటుండు సేటు!”

పైకొచ్చి ధోతి దులుపుకుంటూ భూమయ్య, “మందు వెట్టి పేల్చెయ్. ఒక్క పూట పని,” అన్నాడు.

“మందుకు ఠాణాల దరఖాస్తు వెట్టాలె. పోయినేడాది వెడితే, అడివిల అన్నలకిచ్చినవా అని పదమూడు సోమవారాలు కూసోవెట్టిండ్రు. నేను వెట్ట.”

“సుత్తెతోనైతే?”

“ఎనిమిది రోజులు.”

“మాలు ఒక్క గంటల గడ్డకడ్తది!” అన్నాడు నారాయణ.

భూమయ్య తడి కుప్పను చూశాడు. గుంతలోకి చూడలేదు. “పోసెయ్యుర్రి. సిమెంటు జర ఎక్కువెయ్యుర్రి.”

కూలీలు తట్టలు ఎత్తుకున్నారు. మొండయ్య ఉలి నడుముకు దోపుకుని, సుత్తె భుజాన వేసుకుని, తాడు పట్టుకుని మళ్లీ దిగాడు. కింది నుంచి అతని గొంతు వచ్చింది.

“సత్యవ్వా! గుండు పలిగేదాంక నేను మీదికి రాను. బువ్వ గీడికే దించు.”