కుక్క చెయ్యని వెండెల్

మా మరిది వెండెల్ బెలూన్లు మెలిపెట్టి పూలు చేస్తాడు. టైర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి మానేశాక పట్టుకున్న విద్య ఇది. ఆదివారం చర్చి వదలగానే ఊరంతా హైవే పక్క పాన్‌కేకుల హోటల్లోనే కదా ఉండేది, అక్కడ మెడలో చుక్కల బో టై కట్టుకుని, బల్లబల్లకీ తిరిగి పిల్లలకి తలా ఒక పువ్వు చేసిస్తాడు. ఆ రెండు గంటల కోసమే మిగతా ఆరు రోజులూ బతుకుతాడు.

పువ్వు బాగానే చేస్తాడు, అబద్ధమెందుకు? సన్నటి పొడుగాటి బెలూన్ని కొస దాకా ఊది, రెండు చివర్లూ కలిపి కట్టి, మడతపెట్టి మెలి తిప్పితే ఆరు రేకులు. చిక్కల్లా పిల్లలతోనే. వాళ్లడిగేది కుక్కని.

“కుక్క కావాలంటే కుక్కల దొడ్డికి పొండి. నేను పూలవాణ్ణి,” అంటాడు, రాజుగారి తోటమాలిలా.

అసలు సంగతి ఆయన పెళ్లాం, అదే మా చెల్లెలు లొరెట్టాకీ నాకూ తెలుసు. ఆయనకి కుక్క చెయ్యడం రాదు.

హోటల్ మేనేజర్ డార్లా ఒకరోజు తేల్చేసింది. “వెండెల్ గారూ, పోయిన వారం నలుగురు పిల్లలు ఏడ్చుకుంటూ వెళ్లారు. వచ్చే ఆదివారం కుక్క చేస్తే సరే. లేదంటే ఇంకొకళ్లని చూసుకుంటా.”

ఆ వారమంతా వాళ్ల గరాజ్‌లో జూలై నాలుగు స్వాతంత్ర్య దినానికి కాల్చే టపాకాయల మోతే. ఇంట్లో ఉన్న అసలు కుక్క మంచం కిందనుంచి బయటికి రాలేదు. వెళ్లి చూద్దును కదా, పువ్వుకి ఊదినట్టే కొస దాకా ఊదుతున్నాడు. నాలుగు కాళ్లు, రెండు చెవులు, అన్ని మెలికలు పడితే లోపలి గాలి ఎక్కడికి పోవాలి? చెవుల దగ్గరికొచ్చేసరికి ఢాం.

“కొసన జానెడు ఊదకుండా వదలవయ్యా,” అన్నాను.

“సగం ఊదిన బెలూన్ సగం మనిషితో సమానం వదినా. నా పనికి అడ్డు రాకు.”

“నీ తలకాయ దగ్గర దేవుడు వదిలేశాడుగా. జానెడు కాదు, మొత్తం!”

ఆదివారం ఒక నాలుగేళ్ల పిల్ల కుక్కనడిగింది. మూతి వచ్చింది, ఒక చెవి వచ్చింది, ఢాం. ఇంకోటి, ఢాం. మూడోదానికి ఆ పిల్ల చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. వెండెల్ గబగబా పువ్వు చేసి చాచాడు.

“అదీ పేలుద్దా?” అంది పిల్ల, కిందనుంచే.

“ఇక చాలు వెండెల్ గారూ,” అంది డార్లా.

మరుసటి వారం ఐరిన్ వచ్చింది, బడి బస్సు నడిపి మానేసిన ఆవిడ. ఆవిడకి కుక్క తప్ప ఇంకేదీ రాదు. పిల్లలు బెల్లానికి ఈగల్లా మూగారు.

మావాడు సిగ్గుపడి ఇంట్లో కూచున్నాడనుకునేరు. అదే బో టై కట్టుకుని మాతోపాటు వచ్చాడు. అరవై ఆరేళ్ల మనిషి, “నాకూ ఒక కుక్క,” అన్నాడు. ఐరిన్ పాపం నవ్వుతూ చేసిచ్చింది. దాన్ని బల్ల కింద ఒళ్లో పెట్టుకుని ఒక్కో మెలికా విప్పాడు. కాళ్లు పోయాయి, చెవులు పోయాయి. చివరికి మిగిలింది ఎక్కడ నొక్కినా మెత్తగా ఉన్న బెలూన్, దాని కొసన నాలుగు వేళ్లంత ఊదని తోక.

ఆ తోకనే చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లకి బుర్రకెక్కిందని లొరెట్టా నన్ను మోచేత్తో పొడిచింది.

“చూశావా వదినా,” అన్నాడు, గొంతు తగ్గించి. “మోసం. పూర్తిగా ఊదనే లేదు.”

సాక్ష్యానికి ఆ తోక పట్టుకుని, డార్లాకి ఫిర్యాదు చెయ్యడానికి లేచాడు.